గ్యాస్ కొలిమికి ఏ బర్నర్? ముందు తేలాల్సింది గాలి లెక్క

లారీ కమాన్ పట్టీ ముక్క ఒకటి చేతికి దొరుకుతుంది. దాన్ని కత్తిగా సాగగొట్టాలని కోరిక పుడుతుంది. వీడియోలు చూస్తే అమెరికావాళ్లు "ముప్పావు అంగుళం బర్నర్, పది పీఎస్ఐ, ప్రొపేన్" అంటుంటారు. పీఎస్ఐ అంటే గ్యాస్ ప్రెజర్ కొలత, ప్రొపేన్ అక్కడి సిలిండరు గ్యాస్. మన ఊళ్లో షాపుకెళ్లి గ్యాస్ బర్నర్ అడిగితే హోటల్ పొయ్యిది తీసి చూపిస్తారు. ఇంట్లో ఉన్నదేమో వంట సిలిండరు. ఈ మూడింటికీ ఎక్కడా పొత్తు కుదరదు.

నా మొదటి కొలిమిలో నేను పెట్టింది హోటల్ బర్నరే. గంటసేపు కాల్చినా ఇనుము ముదురు ఎరుపు దాటలేదు. కొలిమి మూతి దగ్గర మాత్రం మూరెడు మంట. బర్నర్ చిన్నదేమోనని ఇంకా పెద్దది తెచ్చాను. బయటి మంట పెరిగింది, లోపలి ఎరుపు అలాగే ఉంది. కారణం అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక మాత్రం బర్నర్ ఎంపిక సగం తేలికైపోయింది.

కిలో గ్యాస్‌కు ఎంత గాలి కావాలి

కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిలబడి చూస్తే అసలు సంగతి కళ్ల ముందే ఉంటుంది. తిత్తి ఆగితే బొగ్గుల మీద బూడిద కమ్ముతుంది. తిత్తి ఊపిరి పోయగానే అవే బొగ్గులు తెల్లగా మెరుస్తాయి. బొగ్గు అంతే ఉంది, మారింది గాలి. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఒకప్పుడు దేశదేశాలకు వెళ్లిన ఉక్కు తయారైందన్నా, దాని వెనుక తిత్తులు ఊదినవాళ్ల రెక్కల కష్టం ఉంది.

గ్యాస్‌కూ ఇదే సూత్రం. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా కాలడానికి సుమారు పదిహేనున్నర కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెప్పుకుంటే 13 ఘనపు మీటర్లు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి 28 ఘనపు మీటర్లు. అంటే ఆ గది గాలంతా రెండు కిలోల గ్యాస్‌కే సరి. సన్నటి గొట్టంలోంచి, ఆగకుండా, సరైన పాళ్లలో ఇంత గాలిని లోపలికి చేర్చే సాధనమే బర్నర్. అది వేడిని పుట్టిస్తుందని అనుకుంటాం గానీ, నిజానికి అది గాలి మోసే కూలీ.

వంటింటి పొయ్యి ఈ పనిని సగమే చేస్తుంది. దాని బర్నర్ లోపల గ్యాస్‌తో కలిసేది కావలసిన గాలిలో కొంత మాత్రమే. మిగతాది మంట చుట్టూ ఉన్న ఖాళీలోంచి తీసుకుంటుంది. ఆరుబయట ఉన్న మంటకు అందులో ఇబ్బందేమీ లేదు. అదే బర్నర్‌ను నాలుగు వైపులా మూసిన కొలిమిలో పెడితే చుట్టూ గాలి ఎక్కడిది? గ్యాస్ సగం కాలి, మిగిలింది మూతి దాకా వచ్చి, బయటి గాలి తగిలాక అక్కడ మండుతుంది. నేను చూసిన మూరెడు మంట అదే. డబ్బు పెట్టి కొన్న గ్యాస్ ఇనుముకు దక్కకుండా వాకిట్లో కాలిపోయింది.

కాబట్టి కొలిమి బర్నర్‌కు ఉండాల్సిన మొదటి లక్షణం, కావలసిన గాలంతా గొట్టంలోనే గ్యాస్‌తో కలవడం. ఈ గాలిని తెచ్చే పద్ధతులు రెండు.

గ్యాసే గాలిని లాక్కొస్తే

మొదటి పద్ధతిలో కరెంటు అక్కర్లేదు. సన్నటి రంధ్రంలోంచి గ్యాస్ ఎక్కువ ప్రెజర్‌తో దూసుకొస్తుంది. ఆ వేగానికి పక్కనున్న గాలి కూడా దానితో పాటు గొట్టంలోకి కొట్టుకొస్తుంది. రైలు స్పీడుగా వెళ్తుంటే పట్టాల పక్కన కాగితాలు దాని వెంట లేచినట్టే. దీన్ని అట్మాస్ఫియరిక్ బర్నర్ అనీ, వెంచురీ బర్నర్ అనీ అంటారు.

ఇందులో భాగాలు నాలుగే. గ్యాస్ దూసుకొచ్చే జెట్, గాలి వచ్చే కంత, రెండూ కలిసే మిక్సింగ్ గొట్టం, మంట నిలిచే మూతి. చేతిపని వచ్చినవాళ్లు ప్లంబింగ్ టీ (మూడు నోళ్ల పైపు జాయింటు), ఒక పైపు ముక్క, మిగ్ వెల్డింగ్ టిప్పుతో (వెల్డింగ్ తీగ బయటికొచ్చే సన్నటి మొన) ఇంట్లోనే చేసుకుంటారు. టిప్పే జెట్ అవుతుంది. మిగ్ టిప్ మీద రాసి ఉండే 0.8 అనే అంకె అందులో నడిచే తీగ మందం, మిల్లీమీటర్లలో. రంధ్రం అంతకన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది.

ఇంత సులువైనదాంట్లో అసలు కష్టం సర్దుబాటు. టీ బర్నర్‌లో జెట్ కొస ఎక్కడ ఆగుతుందన్నదాన్ని బట్టి గాలి పాళ్లు మారతాయి. ఒక సాయంత్రం స్నేహితుడి షెడ్డులో ఇదే పనిమీద కూర్చున్నాం. వెలిగిస్తే మంటలో పసుపు నాలుకలు, బరువుగా బుస్సుమనే చప్పుడు. గ్యాస్ ఆపి, చల్లారాక టిప్పు విప్పి, ఆకురాయితో ఒక మిల్లీమీటరు అరగదీశాం. మళ్లీ వెలిగించాం. పసుపు తగ్గింది. ఇంకో అర మిల్లీమీటరు అరగదీశాం. ఈసారి మంట మొదట్లో నీలం ముద్ద గట్టిగా నిలబడింది, చప్పుడు సన్నటి హోరుగా మారింది. ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాకు, అంతవరకు ఎరుపు దగ్గర ఆగిన ముక్క పది నిమిషాల్లో నారింజ రంగు దాటి పసుపుకు వచ్చింది. తొందరపడి ఎక్కువ అరగదీస్తే గాలి పాలు పెరిగిపోతుంది. మళ్లీ కొత్త టిప్పు కొనుక్కోవాలి.

ఈ బర్నర్ బలహీనతలు రెండు. గాలిని లాక్కొచ్చే శక్తి తక్కువ కాబట్టి ఎదురు తోపుడును తట్టుకోలేదు. కొలిమి తలుపులు మరీ బిగించి మూస్తే లోపల ఒత్తిడి పెరిగి గాలి రావడం తగ్గుతుంది. ఈదురుగాలి వీచినా మంట తడబడుతుంది. రెండోది, ప్రెజర్ బాగా తగ్గిస్తే గొట్టంలో మిశ్రమం వేగం పడిపోయి, మంట వెనక్కి నడిచి గొట్టంలోకి దూరుతుంది. అప్పుడు "టప్" మని చప్పుడొచ్చి లోపలే మండుతుంది. అది వినగానే గ్యాస్ కట్టేయడమే ఎవరైనా చేసేది.

మోటారు తిత్తి ఊదితే

రెండో పద్ధతిలో గాలిని చిన్న బ్లోయర్ తోస్తుంది. గ్యాస్ పక్కనుంచి వచ్చి ఆ గాలిలో కలుస్తుంది. గాలికి ఒక వాల్వు, గ్యాస్‌కు ఒక వాల్వు. పాళ్లు మన చేతిలో ఉంటాయి. మన కమ్మరి తిత్తికి దగ్గరి చుట్టం ఇదే.

బ్లోయర్ ఎంత పెద్దదై ఉండాలి? గంటకు 1.25 కిలోల గ్యాస్ కాల్చే కొలిమికి ఇందాకటి లెక్క ప్రకారం 16 ఘనపు మీటర్ల గాలి చాలు. నిమిషానికి 270 లీటర్లు. ఇది పెద్ద పరిమాణమేమీ కాదు. కానీ ఫ్యాను గాలి పనికిరాదు. గొట్టంలోంచి, ఒత్తిడి ఉన్న కొలిమిలోకి తోసే బలం కావాలి. బొగ్గు కొలిములకు అమ్మే చిన్న బ్లోయర్లు అందుకే దీనికి కుదురుతాయి.

ఎదురు తోపుడును ఇది లెక్కచేయదు. తలుపులు మూసి పెట్టినా నడుస్తుంది. రెండు ఉక్కు ముక్కలను కొలిమిలోనే అతకాలంటే కావలసిన 1,250 డిగ్రీల పైచిలుకు వేడికి ఇది నమ్మకంగా చేరుతుంది. గ్యాస్ ప్రెజర్ తక్కువున్నా సరిపోతుంది.

దీనికి శత్రువు కరెంటు కోత. బ్లోయర్ ఆగిపోతుంది, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటుంది. కాలని గ్యాస్ కొలిమిలో నిండుతుంది, బ్లోయర్ గొట్టంలోకి కూడా వెనక్కి పాకుతుంది. మళ్లీ కరెంటు వచ్చిన క్షణంలో ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఈ బర్నర్ వాడేవాళ్లు గ్యాస్ లైన్లో కరెంటు పోతే దానంతటదే మూసుకునే సోలెనాయిడ్ వాల్వు పెట్టుకునేది ఇందుకే. కరెంటు తిరిగొచ్చినా తనంతట తాను తెరుచుకోకుండా, మనిషి బటన్ నొక్కితేనే తెరుచుకునేలా కలిపితే ఇంకా మంచిది. కోతలు మామూలైన పల్లెల్లో ఈ వాల్వు లేని బ్లోయర్ బర్నర్‌ను నేను కొలిమి కింద లెక్కించను.

ఒకే పెద్ద మంటకు బదులు పదుల కొద్దీ సన్నటి మంటలు వచ్చే రిబ్బన్ బర్నర్ కూడా ఉంది. వేడి సమంగా పరుచుకుంటుంది, చప్పుడు తక్కువ. తయారీ మాత్రం కష్టం. మొదటి బర్నర్‌గా దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

అంగుళం మందం చేసే తేడా

ఎంత కొలిమికి ఎంత బర్నర్? గ్యాస్ కొలిములు చేసేవాళ్లలో ఎప్పటినుంచో నడుస్తున్న మోటు లెక్క ఒకటుంది. సరిగ్గా సర్దిన ముప్పావు అంగుళం బర్నర్ సుమారు 350 ఘనపు అంగుళాల కొలిమి లోపలి గదిని వేడి చేయగలదు. ఇక్కడ ముప్పావు అంటే మిక్సింగ్ గొట్టం లోపలి కొలత. గొట్టం నోటి వైశాల్యాన్ని బట్టి ఈ అంకె మారుతుంది. అర అంగుళం బర్నర్‌కు 155, అంగుళం బర్నర్‌కు 620 దాకా వస్తుంది.

ఇప్పుడు పది అంగుళాల వ్యాసం, పన్నెండు అంగుళాల పొడవున్న ఒక ఇనుప డబ్బా తీసుకుందాం. లోపల వేడిని ఆపే సిరామిక్ దుప్పటి ఒక అంగుళం మందాన వేస్తే మిగిలే గది వ్యాసం ఎనిమిది అంగుళాలు. ఘనపరిమాణం సుమారు 603. దీనికి ముప్పావు బర్నర్ చాలదు. రెండు కావాలి, లేదా అంగుళం బర్నర్ కావాలి. అదే డబ్బాలో దుప్పటి రెండు అంగుళాల మందాన వేస్తే వ్యాసం ఆరు అంగుళాలకు తగ్గుతుంది. ఘనపరిమాణం సుమారు 339. ఒక్క ముప్పావు బర్నర్‌తో పని అయిపోతుంది.

డబ్బా అదే. దుప్పటికి ఇంకో పొర ఖర్చు పెట్టినందుకు గ్యాస్ వాడకం సగానికి దగ్గరగా తగ్గింది. పైగా గోడల్లోంచి బయటకు పోయే వేడీ తగ్గింది. కొత్తవాళ్లు బర్నర్ మీద పెట్టే శ్రద్ధ దుప్పటి మీద పెట్టరు. నా మటుకు నాకు ఖర్చు తగ్గించుకోవాలంటే చివరగా చెయ్యి వేయాల్సింది దుప్పటి మీదే. కత్తి చేయడానికి ఆరు అంగుళాల గది కూడా ఎక్కువే. ఒకేసారి కొట్టగలిగేది నాలుగైదు అంగుళాల ముక్కనే, కాబట్టి మూరెడు పొడవు ముక్కంతా కాల్చి లాభం లేదు.

మామూలు ఫైర్ బ్రిక్‌తో కడితే కుదరదా అని చాలామంది అడుగుతారు. కుదురుతుంది, కానీ ఆ బరువైన ఇటుక ముందు తాను వేడెక్కి, ఆ తర్వాతే ఇనుమును వేడెక్కనిస్తుంది. దుప్పటి కొలిమి పది నిమిషాల్లో పనికొచ్చేచోట ఇటుక కొలిమి చాలాసేపు గ్యాస్ తాగుతుంది. తేలికపాటి ఇన్సులేషన్ ఇటుక నయం, అది మాత్రం త్వరగా బీటలు వారుతుంది.

సిరామిక్ దుప్పటిని ఒట్టిగా వదిలేయడం మాత్రం పొరపాటు. దాని నారలు మంట గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. చాలాకాలం కాలిన దుప్పటిలో హానికరమైన సిలికా కూడా తయారవుతుంది. అందుకే మొదట నారలను గట్టిపరిచే సిలికా ద్రావణం పట్టించి, దానిమీద వేడికి తట్టుకునే కాస్టబుల్ సిమెంటు పూత వేస్తారు. కోసేటప్పుడు, పాతది పీకేటప్పుడు మంచి మాస్కు తప్పదు. ఉక్కు అతకడానికి చల్లే బోరాక్స్ కరిగి దుప్పటి మీద పడితే వెన్నలో వేడి కత్తి దిగినట్టు దిగుతుంది. అతుకు పని చేసేవాళ్లు కొలిమి అడుగున కాస్టబుల్ మందంగా పోస్తారు, లేదా ఇటుక పలక పరుస్తారు.

ఇంకో చిన్న విషయం. మన హార్డ్‌వేర్ షాపుల్లో పైపు అడిగితే ఇచ్చేది జీఐ పైపు. దానిమీద ఉన్నది జింకు పూత. వేడి తగిలే బర్నర్ మూతికి గానీ కొలిమి డబ్బాకు గానీ అది వాడితే జింకు పొగ వస్తుంది. పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. పూత లేని మామూలు ఉక్కు పైపు, అంటే నల్ల ఎంఎస్ పైపు, స్టెయిన్‌లెస్ ముక్క అయితే ఈ బాధ ఉండదు.

మన సిలిండరు వేరు, వాళ్ల సిలిండరు వేరు

అమెరికాలో అమ్మే ప్రొపేన్ దాదాపు స్వచ్ఛమైనది. అక్కడున్న మన తెలుగువాళ్లు బార్బెక్యూకి వాడే 20 పౌండ్ల సిలిండరు, అంటే తొమ్మిది కిలోలది, తెచ్చి వీడియోలో చెప్పినట్టే చేసుకోవచ్చు. మన ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీల దిగువనే మరుగుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గర మరుగుతుంది. సిలిండరులోంచి ముందుగా, ఎక్కువగా ఆవిరయ్యేది ప్రొపేన్. చివరికి మిగిలేది ఎక్కువగా బ్యూటేన్. 20 డిగ్రీల దగ్గర ఒట్టి ప్రొపేన్ ప్రెజర్ ఏడు బార్లు (బార్ కూడా ప్రెజర్ కొలతే) దాటితే ఒట్టి బ్యూటేన్‌ది ఒక బార్ చిల్లరే. ఆదిలాబాద్ చలికాలం పొద్దున, సిలిండరు చివరి భాగంలో బర్నర్ ఎందుకు నీరసపడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

దీనికి తోడు ద్రవం ఆవిరయ్యేటప్పుడు సిలిండరు నుంచే వేడి తీసుకుంటుంది. గంట పని తర్వాత సిలిండరు చల్లబడి ప్రెజర్ పడిపోతుంది, ఒక్కోసారి బయట మంచు పడుతుంది. సిలిండరు పెద్దదైతే ఈ ఇబ్బంది తక్కువ. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలబెట్టడం చాలామంది చేసేదే. పడుకోబెడితే మాత్రం ఆవిరికి బదులు ద్రవం గొట్టంలోకి వస్తుంది. అది చాలా ప్రమాదం.

ఇక రెగ్యులేటర్. వంటింటి రెగ్యులేటర్ ఇచ్చే ప్రెజర్ 30 మిల్లీబార్, అంటే 0.03 బార్. వెంచురీ బర్నర్ హాయిగా నడిచేది అర బార్ నుంచి ఒక బార్ మధ్య. పది పీఎస్ఐ అంటే సుమారు 0.7 బార్. పదిహేను రెట్ల నుంచి ముప్పై రెట్లకు పైగా తేడా. దూసుకొచ్చే వేగమే లేనప్పుడు గాలి వెంట రాదు. అందుకే ప్రెజర్ మార్చుకోగలిగే హై ప్రెజర్ రెగ్యులేటర్, దానికి తట్టుకునే గొట్టం కావాలి. పొయ్యికి వాడే నారింజ రంగు ట్యూబు దీనికి పనికిరాదు. వంట కోసం ఇచ్చిన 14.2 కిలోల గృహ సిలిండరును ఇంకో పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం కూడా. 19 కిలోల కమర్షియల్ సిలిండరే సరైన దారి.

అది ఎన్ని గంటలు వస్తుంది? ఒక మిల్లీమీటరు రంధ్రంలోంచి ఒక బార్ దగ్గర గంటకు సుమారు కిలోంపావు గ్యాస్ పోతుంది. 19 కిలోలకు పదిహేను గంటలు. కొలిమి వేడెక్కాక అర బార్‌కు తగ్గించి నడిపితే ఇరవై గంటల దాకా లాగొచ్చు. వారానికి ఒక ఆదివారం మూడు గంటలు కొట్టేవాళ్లకు నెల పైన వస్తుంది.

మంట రంగు, గది గాలి

గాలి ఎక్కువైతే ఇనుము మీద నల్లటి పెచ్చులు మందంగా లేస్తాయి, ఉక్కు వృథా అవుతుంది. గ్యాస్ ఎక్కువైతే పెచ్చులు తగ్గుతాయి గానీ మూతి దగ్గర మంట పొడుగ్గా వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. కత్తులు చేసేవాళ్లు ఉక్కు పాడవకుండా కావాలనే గ్యాస్ పాలు రవ్వంత ఎక్కువ ఉంచుతారు. అది తప్పు పని కాదు. కానీ అలా నడిపేవాళ్లకు రెండు వైపులా తెరిచి ఉన్న షెడ్డు ఉండి తీరాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తుగా అనిపించే సరికే ఆలస్యమై ఉంటుంది. దాన్ని పట్టే అలారం కొలిమితో పాటే కొనాల్సిన వస్తువు. కాలని ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమీద, గుంతల్లో పేరుకుంటుంది. సిలిండరును గుంతలోనో మూసిన గదిలోనో పెట్టకూడదన్నది అందుకే.

వాదనలు, నేను నిలబడేచోటు

వెంచురీతోనే మొదలుపెట్టాలనేవాళ్ల మాటలో బలముంది. కరెంటు బాధ లేదు, విరిగే భాగాలు లేవు, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. బ్లోయర్ వైపు వాళ్లు చెప్పేదీ నిజమే. జెట్ అరగదీస్తూ రోజులు పోగొట్టుకోనక్కర్లేదు, రెండు వాల్వులు తిప్పితే పాళ్లు కుదురుతాయి, ఎంత వేడికైనా వెళ్లొచ్చు. మూడో వర్గం వాళ్లు అసలు గ్యాస్ ఎందుకంటారు. మట్టి గుంత, చిన్న బ్లోయర్, తుమ్మ బొగ్గు ఉంటే నాలుగో వంతు ఖర్చుతో పని నేర్చుకోవచ్చంటారు. చేతిపని నేర్చుకునే తొలి నెలలకు ఇది చాలా మంచి దారని నేనూ ఒప్పుకుంటాను. బొగ్గు పొగ, నిప్పురవ్వలు, ఇరుగుపొరుగు ఫిర్యాదులు వస్తాయి కాబట్టి టౌన్లో ఉండేవాళ్లకు అది సాగదు.

కమాన్ పట్టీ ఉక్కును కొట్టేది 850 నుంచి 1,150 డిగ్రీల మధ్య. ఆ వేడికి ఒక్క వెంచురీ చాలు. అందుకే టౌన్లో మొదలుపెట్టే కుర్రాడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: ఆరు అంగుళాల వ్యాసం, పన్నెండు అంగుళాల పొడవు గది, రెండు అంగుళాల దుప్పటి, పైన కాస్టబుల్ పూత, ఒకే ఒక ముప్పావు అంగుళం వెంచురీ. పొరలు పొరలుగా ఉక్కు అతకాలన్న కోరిక పుట్టిన రోజున అదే డబ్బాలో బర్నర్ విప్పి బ్లోయర్‌ది బిగించుకోవచ్చు. దుప్పటి, పూత, సిలిండరు, రెగ్యులేటర్ అన్నీ అలాగే పనికొస్తాయి. కొత్తగా కొనాల్సింది బ్లోయర్, రెండు వాల్వులు, ఆ సోలెనాయిడ్.